కాలువ గట్టు మీద పరుగు

కర్నూలు నుంచి బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు, ధవళేశ్వరం బస్సులో నా పక్కన టాంజానియా అమ్మాయి కూర్చుంది. ఒక ఏడాది చదువుకి రాజమండ్రి వచ్చిందట. కాళ్ళకి పరుగు బూట్లు ఉన్నాయి.

"రోజూ పరిగెడతావా?" ఇంగ్లీషులో అడిగాను.

"మా ఊళ్ళో అమ్మా నేనూ రోజూ సాయంత్రం పరిగెత్తేవాళ్ళం. పోయిన నెల అమ్మ చనిపోయింది. వెళ్ళలేకపోయాను. హాస్టల్ గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. పరిగెడుతుంటేనే ఏడవగలను. ఇక్కడేమో పరిగెత్తనివ్వరు."

"ఎవరు?"

"అందరూ! బండి ఆపి ఎక్కమంటారు. వద్దంటే బాధపడతారు."

కాలువ దగ్గర దిగి, గట్టు మీద పరుగు మొదలుపెట్టింది. బస్సు ఇంకా కదలలేదు. మోపెడ్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన ఆమె ముందు ఆగాడు.

"అయ్యయ్యో, ఏడుస్తున్నావేంటమ్మా? ఎవరేమన్నారు? ఎక్కమ్మా, దింపేస్తాను."

ఆమె ముఖం తుడుచుకుని, చిన్నగా నవ్వి, వెనక కూర్చుంది.

నా ఒళ్ళో మా పాప నిద్రపోతోంది. రేపు నేను లేనప్పుడు, ఏ దూరదేశంలోనో ఇది ఏడుస్తూ పరిగెడుతుంటే ఎవరైనా బండి ఆపాలని కోరుకోవాలో, ఆపకూడదని కోరుకోవాలో నాకిప్పటికీ తెలియడం లేదు.