ముగ్గు గీత మీద ఎర్ర కారు

2006 మే నెల. తెనాలిలో రేపల్లె రోడ్డు పక్కన నాకు కమాన్ల షాపు ఉండేది. లారీలకీ ట్రాక్టరు ట్రక్కులకీ కింద పట్టీలు పట్టీలుగా పేర్చిన ఉక్కు కట్టలుంటాయి, వాటినే మేం కమాన్లంటాం. విరిగిన పట్టీ తీసి కొత్తది వెయ్యడం, వాలిపోయినదాన్ని కాల్చి సమ్మెటతో మళ్లీ వంపు తేవడం మా పని. ఎక్కువ బస్తాలు వేసే లారీ అయితే ఓ పట్టీ అదనంగా వేస్తాం. జబ్బు ఏదైనా మా దగ్గర మందు ఒకటే, గట్టి చెయ్యడం. పదిహేనేళ్లు అదే చేసి, ఈ పనిలో నన్ను మించినవాడు లేడని నమ్మకం కూడా పెంచుకున్నాను.

అలాంటి షాపు ముందు ఓ ఉదయం ఎర్రటి చిన్న కారు వచ్చి ఆగింది. వెనక సీటు లేదు. లోపలంతా ఇనప గొట్టాలతో పంజరంలా కట్టారు. అందులోంచి పంచె సర్దుకుంటూ ఓ పెద్దమనిషి దిగారు. పేరు కోటేశ్వరరావుగారు, పిట్టలవానిపాలెం రైతు, వయసు యాభై దాటింది. పంచె కట్టుకుని రేసు కారు దిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

“ఏంటి బాబాయిగారూ, ఎవరి బండండీ ఇది?”

“నాదేనయ్యా. మద్రాసు దగ్గర రేసు ట్రాక్ మీద తిప్పడానికి చేయించుకున్నా. వంపులో మాట వినట్లేదు. నేను స్టీరింగు తిప్పుతా, అది నేరుగా పోతానంటది.”

టీ తాగుతూ అసలు సంగతి చెప్పారు. కుర్రతనంలో మద్రాసులో చదువుకునేటప్పుడు స్నేహితుడి కారు ఆ ట్రాక్ మీద నడిపారట. అక్కడ కుడివైపు ఓ పొడుగాటి వంపు ఉంది. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండా ఆ వంపు దాటాలని కోరిక. ఒక్కసారీ కుదరలేదు. తర్వాత పొలం, పెళ్లి, పిల్లలు.

“ఇప్పుడంత తొందరేంటండి?” అన్నాను.

“చూపు అంచుల నుంచి తగ్గుకుంటా వస్తందంట. ఈ ఏడాదికి పగటిపూట నడుపుకోమన్నాడు గుంటూరు డాక్టరు. పై ఏడాది స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. ఆగస్టులో ఒక్కరోజు ట్రాక్ దొరికింది. ఆ ఒక్కరోజే.”

నాకు జాలేసింది. దాంతోపాటు గర్వం కూడా పుట్టింది. రేసు కారు నా దగ్గరికే వచ్చింది కదా మరి.

కారు పనిలో రెండు మాటలు తెలియాలి. ఒకటి స్ప్రింగ్ రేటు, అంటే స్ప్రింగును అంగుళం నొక్కడానికి ఎంత బరువు కావాలన్నది. రెండోది స్వే బార్, ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే వంచిన ఉక్కు కడ్డీ. మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. స్ప్రింగు కొలిచే మిషను నా దగ్గరెక్కడిది? ధాన్యం తూచే కాటా మీద స్ప్రింగు నిలబెట్టి, పైనుంచి జాకీతో ఒక్కో అంగుళం నొక్కుతూ ముల్లు ఎక్కడుందో రాసుకునేవాణ్ని.

ఆ తర్వాత చేసింది మాత్రం లారీ తెలివే. ముందు భాగం మాట వినడం లేదంటే అది మెత్తగా ఉందనుకున్నాను. వ్యాను స్ప్రింగులు తెచ్చి రెండేసి చుట్లు కోశాను. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. ముందు స్వే బార్ కూడా లావుది వేశాను. కారు పలకలా నిలబడింది. మురిసిపోయాను.

చూడ్డానికి పిట్టలవానిపాలెంలో ఆయన బావమరిది మిల్లుకి వెళ్లాం. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఆ నెలలో ఖాళీ. మధ్యలో మేకు దిగ్గొట్టి, తాడు కట్టి, ముగ్గుపిండితో పెద్ద వలయం గీశాం. ఆ గీత మీదే కారు తిప్పుతూ వేగం పెంచుతూ పోవాలి. రెండో చుట్టుకే ముందు చక్రాలు గీత దాటి బయటికి పోయాయి. అంతకుముందుకన్నా అధ్వానం.

ఆయన దిగి, కోప్పడకుండా అన్నారు. “ఏడుకొండలూ, ఇందులో బస్తాలు లేవయ్యా. నేనొక్కణ్నే ఉన్నా.”

అప్పుడు తెలిసొచ్చింది. పదిహేనేళ్లుగా బండి ఎంత మోస్తుందనే చూశాను గానీ, ఎలా తిరుగుతుందని ఎప్పుడూ అడగలేదు. ముందు భాగాన్ని బిగించేసరికి మలుపులో బరువంతా బయటి వైపు ముందు చక్రం మీదే పడుతోంది. ఆ ఒక్క టైరు ఎంతకని పట్టుకుంటుంది? ముందు మెత్తబడాలి, వెనక గట్టిపడాలి. కానీ కోసిన చుట్టు మళ్లీ అతకదు. బెజవాడలో పాత సామాను కొట్లన్నీ తిరిగి ముందుకి ఇంకో జత మెత్తటి స్ప్రింగులు పట్టుకొచ్చాను. లావు స్వే బార్ తీసి పాతదే పెట్టాను. వెనక స్వే బార్ నేనే చేశాను. స్ప్రింగు ఉక్కు కడ్డీని కాల్చి వంచి, రెండు చివర్లా మూడేసి బెజ్జాలు పెట్టాను. లోపలి బెజ్జానికి బిగిస్తే గట్టి, బయటి దానికి బిగిస్తే మెత్తన.

జూన్, జూలై నెలల్లో వాన లేని ఆదివారమల్లా కళ్లంలోనే ఉన్నాం. ఓ రోజు మధ్య బెజ్జానికి బిగించాక కారు గీత మీద అతుక్కుపోయినట్టు తిరిగింది. లోపలి వైపు వెనక చక్రం బెత్తెడు పైకి లేచింది, వెనక భాగం సరిగ్గా గట్టిపడిందనడానికి అదే గుర్తు. నేను నేల మీద బోర్లా పడుకుని ఆ బెత్తెడు సందు చూస్తూ ఉండిపోయాను. అంత అందమైన పని నా చేత్తో అంతకుముందు జరగలేదు.

ఆగస్టులో ఆయన నన్నూ ట్రాక్ దగ్గరికి రమ్మన్నారు. షాపు ముందు రెండు లారీలున్నాయని సాకు చెప్పాను. నిజానికి సిగ్గేసింది, అక్కడి పెద్ద మెకానిక్కుల మధ్య సమ్మెట పనివాడు ఏం నిలబడతాడని. ట్రాక్ మీద తిప్పిన రోజు సాయంత్రం షాపుకి ఫోనొచ్చింది.

“కాలు తియ్యలేదయ్యా” అన్నారు. అంతే, ఫోను పెట్టేశారు. వెళ్లి ఉండాల్సింది. ఆ లారీలు ఎవరివో కూడా ఇప్పుడు గుర్తులేదు.

మరుసటి మే నెలలో ఆయన బస్సులో వచ్చారు. చెయ్యి పట్టుకుని నేనే షాపు మెట్లెక్కించాను. “కారు మిల్లులోనే ఉంది, కళ్లం ఖాళీగా ఉంది. ముగ్గు వేసి ఒకసారి నువ్వు తిప్పవయ్యా” అన్నారు.

ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని భయంభయంగా నడిపాను. ఆయనకి గీత కనిపించడం లేదు.

“లోపలికొచ్చావ్. ఇంకాస్త తొక్కు” అన్నారు.

చూస్తే నిజమే, గీతకి అడుగు లోపలున్నాను. “ఎట్టా తెలిసిందండి?”

“నడుముకి తెలుస్తది.”

తొక్కాను. కారు గీత మీదికొచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

ఆ రోజు నుంచి ఏ బండి వచ్చినా ముందుగా కమాను ముట్టుకోను. మలుపులో ఏమనిపిస్తోందని డ్రైవర్ని అడుగుతాను. లారీవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. కాటా ముల్లు చెప్పేది సగమే, మిగతా సగం నడిపే మనిషి నడుములో ఉందని నాకు నేర్పింది ఆయనే.

కళ్లంలో ఆ సాయంత్రం నాలుగు చుట్లయ్యాక ఆపబోయాను. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

“కాలు తియ్యకు. ఆ ట్రాక్ మీద వంపు ఇట్టే అయిపోయింది. దీనికి చివర లేదుగా. ఇంకో చుట్టు తిప్పు.”

తిప్పాను. ముగ్గు చెరిగిపోయి, గీత ఎక్కడుందో నాకూ కనిపించనిదాకా తిప్పుతూనే ఉన్నాను.