దిష్టి చుక్క పెట్టించుకున్న ఆవు

రాజేంద్రనగర్‌లో అక్రిలిక్ పెయింటింగ్ క్లాసులో చేరిన కొత్తలో ఒక తెల్లావును వేశాను. పొట్ట దగ్గర కుంచె అదుపు తప్పింది. సరిదిద్దబోయిన కొద్దీ అది ఇంకా ఉబ్బింది. క్లాసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల మండింది. అక్రిలిక్‌తో ఉన్న సుఖం ఏమిటంటే, ఆరిపోయాక పైన ఇంకో పూత వేస్తే కింద ఏముందో ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్లగానే తెల్లరంగు పూసేద్దామనుకుని శంషాబాద్ బస్సెక్కాను.

పక్క సీట్లో ఒకామె ఖాళీ కూరగాయల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా కాన్వాసు వైపు వంగి చూసింది.

"జర ఇటు తిప్పు చెల్లె. ఎవరేసిన్రు?"

"నేనే అక్కా. పొట్ట చెడిపోయింది."

"చెడిపోవుడేంది! నిండు సూడితోని ఉన్నది. ఇయ్యాలో రేపో ఈనేటట్టున్నది. గిట్ల అందరు సూడంగ బస్సుల తీస్కపోతరా?"

తన కంటి కొసనున్న కాటుకను వేలితో తీసి, ఆవు నుదుటి మీద చుక్క పెట్టింది.

"ఇగ దిష్టి తగలది."

సాతంరాయి స్టేజీ రాగానే గంప చంకన పెట్టుకుని దిగిపోయింది.

ఇంటికి వెళ్లాక తెల్లరంగు మూత తీయలేదు. ఇప్పుడు ఆవు పొట్ట సరిగ్గానే వేయగలను. గోడ మీది ఆ ఆవు మాత్రం ఇంకా ఈనలేదు. మిగతా బొమ్మలన్నీ అవతల గోడకు తగిలించి, దాని పక్కన దూడకు చోటుంచాను.