నూటయాభై గ్రాముల పాలపొడి

అక్క పోయాక ఆమె కూతురు నా దగ్గరే ఉంటోంది. నాలుగేళ్లది. బావ ఆఫీసు క్యాబు నడుపుతాడు, ఏ షిఫ్టు ఎప్పుడో ఆయనకే తెలియదు. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటుకు వచ్చిన కొత్తలో పిల్ల ఏమీ అడగలేదు. ఒకరోజు అమ్మ చేసే కుల్ఫీ కావాలంది. నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఏమైనా సరే చేసి పెట్టాలనుకున్నాను.

అక్క ఉన్నప్పుడు ఒకసారి అడిగితే, "లీటరు పాలు సగమయ్యేదాంక మరగవెట్టు, నూటయాభై గ్రాముల పాలపొడి వెయ్యి, గంతే. దీనికి గింత పరేషానెందుకే?" అని నవ్వింది. బోరబండలో వాళ్లింటి కింద కిరాణా దుకాణంలో పాలపొడి విడిగా తూచి ఇస్తారు. నా దగ్గర తూకం లేదు, కప్పులున్నాయి. నూటయాభై గ్రాములంటే ఎన్ని కప్పులని ఫోన్లో వెతికాను. ఒకరు కప్పుంబావు అన్నారు, ఇంకొకరు ఒకటిన్నర, మరొకావిడ రెండుకు పైనే అంది. ఆఫీసులో రోజంతా లెక్కలు సరిచూసేదాన్ని, నాకు ఒళ్లు మండింది. కప్పుంబావే ఖాయం చేసుకుని, చెంచాతో తేలిగ్గా నింపి వేశాను.

కుల్ఫీ గట్టిపడింది గానీ నోట్లో ఐసు పలుకులు కరకరలాడాయి. పిల్ల ఒక్కసారి నాకి పుల్ల నా చేతికిచ్చేసింది. "గిది అమ్మది గాదు" అంది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు.

తర్వాతి ఆదివారం బావ పిల్ల బట్టలతో పాటు అక్క వంటింటి సామాను కొంత తెచ్చిచ్చాడు. అందులో ఆమె పెద్ద స్టీలు గ్లాసు కనబడింది. దుకాణం నుంచి తెచ్చిన పొట్లం విప్పి అక్క ఆ గ్లాసులోకే వంపేది. పొడి అంతా ఒకేసారి పట్టేది కాదు. గ్లాసును వంటగట్టు మీద తట్టి తట్టి దించితే, మిగిలింది కూడా సరిగ్గా అంచుదాకా సర్దుకునేది. "సేటు తక్కువ తూసిండా లేదా, గీ గ్లాసే చెప్తది" అనేది. నేను కప్పులో నింపింది సగం గాలేనని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం మళ్లీ పాలు మరిగించాను. గ్లాసు నింపి గట్టు మీద తట్టాను. హాల్లో కార్టూన్ చూస్తున్న పిల్ల చటుక్కున తల తిప్పింది. తట్టింది నేనే, కానీ ఆ చప్పుడు అక్కది. దయ్యాలూ గియ్యాలూ నమ్మను, అయినా వెనక్కి తిరిగి చూశాను. స్టవ్వు దగ్గర ఎవరూ లేరు. తట్టడం మాత్రం ఆపబుద్ధి కాలేదు.

మర్నాడు సాయంత్రం పిల్లకు కుల్ఫీ ఇచ్చాను. ఒకసారి నాకి ఆగింది. తర్వాత సగం తినేసింది. గెలిచానని పొంగిపోయాను.

పిల్ల సోఫా దిగింది. కుల్ఫీ పట్టుకునే వంటింట్లోకి వెళ్లి తలుపు వెనక చూసింది. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన వంగి చూసింది. మోచేతి దాకా పాలు కారుతుండగా నా దగ్గరికొచ్చి, "చిన్నమ్మా, అమ్మ ఏడ దాక్కుంది?" అని అడిగింది.

పిల్ల చెయ్యి పట్టుకుని ఒక్కో గదీ వెతికాను. పిల్లను మరిపించడానికే మొదలుపెట్టాను గానీ, పడగ్గది తలుపు తీసేటప్పటికి నేనూ నిజంగానే వెతుకుతున్నాను.