బావమరిది జీపులో బెల్టు

గాలిమరల కంపెనీలో డ్రైవర్లు చాలామందే ఉన్నారు గానీ గ్లాసాయన ఒక్కడే. డాష్‌బోర్డు మీద నిండుగా నీళ్లున్న గ్లాసు పెట్టి కొండెక్కించినా చుక్క తొణకదని ఆయనే ఎప్పుడో అన్నాడు. గ్లాసు పెట్టి చూసినవాళ్లు లేరు. చూడకుండా ఒప్పుకోవడమే మర్యాద అనుకున్నారు. పేరు మాత్రం ఉండిపోయింది.

గాలిమరలు కొండల మీద ఉంటాయి. పైకి రోడ్డు లేదు. పాత చక్రాల జాడలూ, జారే రాళ్లూ, వాన కోసుకుపోయిన చోట్లూ, అంతే. మెకానిక్కుల్ని జీపుల్లో పైకి చేర్చడం, సాయంత్రం కిందికి దించడం డ్రైవర్ల పని.

జీపులన్నిటికీ కంపెనీ కొత్త బెల్టులు బిగించింది. మామూలు కార్లలో ఉండేవి కావు. భుజాల మీంచి రెండు పట్టీలు, నడుము పక్కల నుంచి రెండు, నాలుగూ వచ్చి పొట్ట మీద ఒక బకిల్లో కలుస్తాయి. ఆఫీసులో వాటిని హార్నెస్ అంటారు. డ్రైవర్లు జీను అంటారు. "గుర్రం మనమా, బండా?" అని మొదటిరోజే ఒకడు అడిగాడు. జవాబు దొరకలేదు గనక ఎవరూ కట్టుకోలేదు. బెల్టులు వచ్చిన ప్లాస్టిక్ తొడుగుల్లోనే సీట్ల వెనక పడి ఉన్నాయి.

అసలు కారణం వేరు. ఆ యార్డులో ఒకడి జీపెక్కి బెల్టు కట్టుకోవడమంటే, నీకు బండి నడపడం రాదని వాడి ముఖం మీదే చెప్పడం. ఇంటికి పిలిచి భోజనం పెడితే వాసన చూసి తిన్నట్టు. కొత్తగా చేరిన మెకానిక్కు ఒకడు తెలియక గ్లాసాయన పక్కన కూర్చుని పట్టీ మీద చెయ్యి వేశాడు. ఆయన గేరు వెయ్యబోయినవాడల్లా ఆగి, "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. మెకానిక్కు చెయ్యి తీసేశాడు.

ఆయనకి బావమరిది ఒకడున్నాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఈయనే. కంపెనీలో పెట్టించిందీ ఈయనే. నేర్చుకున్నవాడు నేర్పినవాడికంటే తొందరగా కొండెక్కడం మొదలుపెట్టాడు. అక్కడ వచ్చింది చిక్కు.

ఒక ఆదివారం అందరూ కలిసి భోజనాలకి కూర్చున్నారు. మాటల్లో బావమరిది అన్నాడు:

"మెకానిక్కులు బావ జీపు ఎక్కనంటున్నారక్కా. వీళ్లు పైకి చేరేసరికి గాలి ఆగిపోతోందట."

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వారు. అవేవీ ఆయన పట్టించుకోలేదు. వడ్డిస్తున్న భార్య, గరిటె అలా పట్టుకునే, నవ్వింది. అది పట్టించుకున్నాడు.

మర్నాడు ఆయన జీపు క్లచ్చు పోయి వర్క్‌షాపులో పడింది. కొండ మీద ఆగిపోయిన ఇంకో బండిని కిందికి తెచ్చే పని ఆయనకి అప్పజెప్పారు. పైకి వెళ్లాలంటే బావమరిది జీపే దిక్కు. ఆ ట్రిప్పుకి మెకానిక్కులు లేరు. ఇద్దరే.

గ్లాసాయన ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక్కి చెయ్యి పెట్టి బెల్టు లాగాడు. ప్లాస్టిక్ తొడుగు చించి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఒక్కో పట్టీ తీసి, మెలికలు సరిచేసి, భుజాల మీద వేసుకుని, నడుముకి బిగించి, బకిల్ నొక్కాడు. పెళ్లికి ముస్తాబయ్యేవాడు కూడా అంత తీరిగ్గా ముస్తాబవడు.

"ఏంటి బావా ఇది?"

"ఏముంది. నువ్వు పోనీ."

"నేను నడుపుతుంటేనా?"

"నువ్వు నడుపుతుంటేనే."

బావమరిది చెప్పాల్సిందంతా కాలితో చెప్పాడు. ఇంజను అరిచింది.

సగం కొండ మీద, ఎవరైనా పాక్కుంటూ తిరగాల్సిన మలుపులో, రాళ్లు జారాయి. జీపు ఒక పక్కకి ఒరిగి, క్షణం ఆలోచించి, పల్టీ కొట్టింది. గ్లాసాయన తీగ మీద ఆరేసిన చొక్కాలా తలకిందులుగా వేలాడాడు. జేబులోని దువ్వెనా కళ్లజోడూ పైకప్పు మీద పడ్డాయి. ఒంటి మీద గీత పడలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. బావమరిది కిందిపక్క రాళ్లలో పడి ఉన్నాడు. ఒక కాలు, కాలు ఉండాల్సిన తీరులో లేదు.

"బావా, ఉన్నావా?" అని అడిగింది వాడే.

ఆయన బకిల్ నొక్కి, నెత్తి మీద పడి, పాక్కుంటూ వాడి దగ్గరికి వెళ్లాడు.

కాలు విరిగింది, భుజం దగ్గర ఎముక విరిగింది, ప్రాణానికి భయం లేదు అన్నారు డాక్టర్లు. ఆసుపత్రి వరండాలో భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరు బెల్టు కట్టుకున్నారట."

"ఊఁ."

"మీరు."

"ఊఁ."

"ఎందుకు?"

ఆయన గోడ మీద నిశ్శబ్దం పాటించమని రాసి ఉన్న బోర్డు చదివాడు. ఆవిడకి అర్థమైంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాటలకంటే మౌనాలే ఆవిడకి బాగా అర్థమయ్యాయి.

"ఆదివారం మాటకా?" అంది. "మీ ఇద్దరి పౌరుషాలూ పట్టే ఇల్లు ఇంకా ఎవరూ కట్టలేదు," అని తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన్ని తొలిచేస్తున్నది వేరే ఉంది. బెల్టు కట్టుకోబట్టి తను బతికాడు. నిజమే. కట్టుకోకపోతే వాడు అంత వేగం పోయేవాడా? ఇది అడగడానికి మనిషి లేడు.

వారం తిరక్కముందే హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. నెమ్మదస్తుడు. గొంతు పెంచడు. యార్డంతా తిరిగి, జీపులన్నీ చూసి, డ్రైవర్లు కూర్చునే గదిలోనే అందరి ముందూ విచారణ పెట్టాడు.

"ఇక్కడ ఏ జీపులోనూ బెల్టు తొడుగు విప్పలేదు," అన్నాడు. "మీరు ఆ రోజు, ఆ జీపులో మాత్రం విప్పారు. అంటే అతను నడిపితే ప్రమాదమని మీకు ముందే తెలుసు. అంతేనా?"

గ్లాసాయన బావమరిదిని దెప్పడానికి కట్టుకున్న బెల్టు ఇప్పుడు వాడి మీద సాక్ష్యం చెప్తోంది. అవునంటే వాడి ఉద్యోగం ఇవాళే ఊడుతుంది. విరిగిన కాలితో వాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు? కాదు, కోపంతో కట్టుకున్నానంటే, కోపమెందుకంటారు. తిరిగి తిరిగి మాట వాడి వేగం దగ్గరికే వస్తుంది. మిగిలింది ఒక్కటే దారి. ఆ దారిన పోవాలంటే తన పేరు తనే తొక్కుకుంటూ పోవాలి.

"నేనెప్పుడూ కట్టుకుంటానండీ," అన్నాడు.

గదిలో ఒక డ్రైవరుకి దగ్గు వచ్చింది. ఇంకొకడు చెప్పులో రాయి వెతుక్కున్నాడు.

"ఎప్పుడూ?"

"ఎప్పుడూనండి. అలవాటు."

"వర్క్‌షాపులో మీ జీపు కూడా చూశాను. దాని బెల్టుకీ తొడుగుంది."

ఆయన నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నించున్న వర్క్‌షాపు మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"అది నేను తొడిగానండి. మావి గ్రీజు చేతులు కదా. ఆయన చాదస్తం మీకు తెలీదు. బెల్టు మీద మరక పడితే మమ్మల్ని బతకనివ్వడు."

"నిజమేనండి," అంది గదంతా. గ్లాసు గొప్పలు విని విని ఉన్నవాళ్లకి ఇలాంటి రోజు మళ్లీ రాదు. "ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కట్టుకుంటాడని వాళ్లావిడ బాధపడుతుందండి," అని ఒకడు ఉండబట్టలేక అందుకున్నాడు. మేస్త్రీ వాడి కాలు తొక్కాడు.

ఆఫీసరు నమ్మాడో లేదో గానీ, రాళ్లు జారడం వల్ల జరిగిన ప్రమాదమని తేల్చాడు. బావమరిది ఉద్యోగం నిలిచింది. అంతటితో వదిలేసినా బాగుండేది. గ్లాసాయన నాలుగు పట్టీలూ కట్టుకుని కూర్చున్న ఫొటో ఆఫీసరు తీయించి, పెద్దది చేయించి, యార్డు గేటు పక్కన పెట్టించాడు. కింద "ఈయన్ని చూసి నేర్చుకోండి" అని రాయించాడు.

ఇక తప్పలేదు. ఒక్క రోజు కట్టుకోకపోయినా బావమరిది కథ మళ్లీ మొదటికొస్తుంది. రోజూ పొద్దున్నే యార్డంతా చూస్తుండగా బిగించుకునేవాడు. "జీను సరిపోయిందా అన్నా?" అని పలకరించేవాళ్లు. దాన్నైనా భరించవచ్చు. ఫొటో చూసి నేర్చుకున్న మెకానిక్కులు ఆయన జీపులోనే, ఆయన వెనకే కూర్చుని కట్టుకోవడం మొదలుపెట్టారు. టక్కు. టక్కు. టక్కు. ఆ చప్పుడుకి ఆయన మెడ కొంచెం కొంచెంగా భుజాల్లోకి దిగేది.

బావమరిది ఇంటికొచ్చాక చూడబోయాడు. వాడు మంచం మీద, కట్టున్న కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఎప్పుడూ కట్టుకుంటానని చెప్పావట బావా."

"చెప్పాను."

"మేస్త్రీ వచ్చి అంతా నటించి చూపించాడు. నవ్వితే భుజం నొప్పి. నవ్వకుండా ఉండలేకపోయాను." దిండు మీద కాలు కొంచెం జరుపుకున్నాడు. "తప్పు నాదే బావా. నువ్వు కట్టుకున్నావని పోయిన వేగం కాదది. రోజూ అలాగే పోయేవాణ్ణి."

నిజం చెప్తున్నాడో, బావ మీది బరువు దించడానికి చెప్తున్నాడో ఆయనకి తెలియలేదు. ఇంట్లో అబద్ధమాడగలిగినవాడు తనొక్కడే అనుకోవడానికి లేదు.

"కాలు కదపకు," అని చెప్పి వచ్చేశాడు.

కొన్నాళ్లకి సేఫ్టీ ఆఫీసరు మళ్లీ వచ్చాడు. పైకి వెళ్లి గాలిమరలు చూడాలన్నాడు. ఫొటోలోని మనిషి జీపే కావాలన్నాడు. ముందు సీట్లో హాయిగా చేరగిలబడ్డాడు. వెనక మెకానిక్కులు కట్టుకున్నారు. డ్రైవరు కట్టుకున్నాడు. ఆఫీసరు కట్టుకోలేదు.

"మీ పక్కన నాకు బెల్టెందుకండీ," అన్నాడు నవ్వుతూ. "యార్డులో అందర్నీ అడిగాను. ఇంత మెత్తటి చెయ్యి ఇంకోటి లేదట. దాన్ని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి?"

అంత పెద్దమనిషి నోట, అందరూ వింటుండగా. గ్లాసాయనకి కడుపు నిండిపోయింది. ఇన్నేళ్లూ ఎదురుచూసిన మాట చివరికి వచ్చింది. అదీ బెల్టు కట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చింది. దాన్ని కాసేపు నోట్లో చప్పరించాడు. తర్వాత కొండ వైపు చూశాడు. సగంలో ఉన్న ఆ మలుపు యార్డులోంచి కనిపిస్తుంది.

తాళం తిప్పలేదు.

"కట్టుకోండి సార్."

"మాటవరసకి అనడం లేదండీ. మీ మీద నాకు పూర్తి నమ్మకం."

"సంతోషమండీ. నా చెయ్యి స్టీరింగు దాకే అందుతుంది. మీదాకా రాదు."

అబద్ధాన్ని కాపాడుకోవడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో, తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆయనకి తేలలేదు.

ఆఫీసరు నవ్వు ఆగింది. పట్టీలు భుజాల మీదికి లాక్కుని, అవసరమైనదానికంటే గట్టిగా బకిల్ నొక్కి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కట్టుకున్నందుకు నొచ్చుకునేవాళ్లని గ్లాసాయన చూశాడు. కట్టుకోమన్నందుకు నొచ్చుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు.

జీపు కదిలింది. ఇంకా యార్డు గేటు దాటలేదు.

"కొంచెం మెల్లగా పోనివ్వండి," అన్నాడు ఆఫీసరు.

కొండల మీద తిరగడం మొదలుపెట్టాక గ్లాసాయనకి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. వెనక ఎవరో నవ్వు దగ్గులోకి మింగారు.

"అలాగే సార్," అని గేరు తగ్గించాడు.