దేవుని గది తలుపు, పంక్చరంగడి గాలి

ఆ రోజుల్లో మా ఆదోనిలో వడ్రంగం నేర్చుకుంటాండానంటే "ఏం, పత్తి మిల్లులో చోటు దొరకలేదా పాపం" అని జాలిపడేవాళ్లు. మా నాయన జాలి కూడా పడలేదు. "ఎమ్మిగనూరులో మీ అత్త కొత్తింట్లో చేరేలోపల ఆ దేవుని గది తలుపొకటి సక్కగా చేసియ్యి. చేస్తివా, నీ ఇష్టమొచ్చిన పని చేసుకో. లేదా, మాట్లాడకుండా మిల్లుకు నా ఎంబడి నడువు" అని తేల్చేసినాడు. తలుపు బాగానే కుదిరింది, దానిమీద ఇత్తడి శంఖుచక్రాలూ కూర్చున్నాయి. అంచుల్లో వేసే సన్నని బీడింగు పట్టీ దగ్గరే నా కొంప మునిగింది. సుత్తితో కొడితే పట్టీ చీలేది, పట్టీ తప్పించుకుంటే నా బొటనవేలు చితికేది. (రెండూ ఒకే దెబ్బకు అయిన రోజులూ ఉన్నాయి.)

గృహప్రవేశం రేపనగా మా వీధి దుబాయన్న దేవుడిలా పిలిచినాడు. దుబాయిలో ఆయన చేసింది హోటల్లో వంట, మేమంతా ఇంజనీరనుకునేవాళ్లం. చవగ్గా వచ్చినాయని మేకులు కొట్టే తుపాకులు రెండు తెచ్చుకున్నాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఏది తీసుకోవాలన్నా?"

"కొత్తోనివి గదప్పా, పెద్దదే తీసుకో. చిన్నది పిల్లోళ్లు ఆడుకునేదేమో!"

నాకూ అట్లే అనిపించింది. కానీ దానికి వైరు లేదు, బ్యాటరీ లేదు. పిడి కింద ఒక తూటు మాత్రం ఉండాది. పెట్రోలా, నూనెనా, ఏం పోయాల? ఇద్దరం తలా ఒకసారి కన్ను పెట్టి చూసినాం, ఏమీ తెలీలేదు. చివరికి విసుగొచ్చి గట్టిగా ఊదితే లోపల ఏదో కదిలినట్టయింది. "గాలి అప్పా, గాలి!" అని అరిచినాడు దుబాయన్న. గాలి తలుపు దగ్గరికి రాదు గనక, తలుపునే తోపుడు బండిమీద బస్టాండు పక్క పంక్చరంగడికి తీస్కపోయినాం. అంగడాయన ట్యూబు తగిలించి "లారీ టైరుకెంతో దీనికీ అంతేనా?" అన్నాడు. అంతే కాబోలన్నాను.

తలుపును అంగడి చెక్కలకు ఆనించి మొదలుపెట్టినా. ఠప్, ఠప్! ఒక్కచోట పట్టీ చీలలేదు. ఆహా, నేనూ వడ్రంగినేనని పొంగిపోతా నాలుగు వైపులా కొట్టేసి, తలుపు ఎత్తబోతే కదల్లేదు. ఇద్దరం లాగినాం, ముగ్గురం లాగినాం, అంగడే ఊగింది. ఆ పెద్ద తుపాకీ మేకులు పట్టీని, తలుపును దాటి అంగడి చెక్కల్లో దిగబడినాయి! మంత్రాలయం బస్సు కోసం నిలబడిన ముసలమ్మ ఒకామె శంఖుచక్రాలు చూసి చెప్పులిడిసి దండం పెట్టుకుంది. ఆమె ఎనక ఇంకో ఇద్దరు. అంగడాయన తల పట్టుకున్నాడు. "నాయనా, నీ పుణ్యముంటాది, నా అంగడి నాకియ్యి!"

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు బస్సుకని మా నాయన వచ్చినాడు. ఆయన తలుపును చూసినాడు, దండాలు చూసినాడు, నన్ను చూసినాడు. "రేయ్..." అని నోరు తెరిచి, అంగడి ముందర టైరుమీద కూలబడి నవ్వినాడు. మా నాయన అంతగా నవ్వేది నేనెప్పుడూ చూళ్లేదు. కళ్లనీళ్లు తుడుచుకుని, పటకారు అడిగి తీసుకుని, నా పక్కన నిలబడి మేకులు పీకినాడు.

అత్త తలుపుమీది ఆ తూట్లు కనపడకుండా క్యాలెండరు తగిలించింది. నేను రోజూ మిల్లు మాట వస్తాదని భయపడతా వడ్రంగం పనికి పోతాంటి. మాట రాలేదు. నాయన తను పెట్టిన షరతు నిజంగా మర్చిపోయినాడో, మర్చిపోయినట్టు ఉండిపోయినాడో, ఆయన ఉన్నన్నాళ్లూ అడగడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు నాకే నవ్వొస్తాది: అడిగుంటే గుర్తొచ్చేదేమోనని ఇంకా భయమే.