వెర్నన్ తాతగారి వెండి డాలరు

మా ఒహాయో ఊళ్లో వెర్నన్ క్లింగర్ మంగలి పని మానేసి పదిహేనేళ్లయింది గాని, ఎదుటివాళ్ల తలలు వంచే అలవాటు మాత్రం మానలేదు. చర్చి కింది గదిలో నెలకోసారి కూడే మా నాణేల సంఘంలో అతను చెప్పిందే వేదం. ఎవరు వెండి డాలరు తెచ్చినా భూతద్దం పెట్టి, ప్రూఫో చలామణీదో తేల్చేసేవాడు. ప్రూఫంటే దాచుకునేవాళ్ల కోసం టంకశాలవాళ్లు మెరుగుపెట్టిన బిళ్ల మీద ఒకటికి రెండుసార్లు అచ్చు కొట్టేది. చలామణీది బజారు కోసం. సంచుల్లో ఒకదాన్నొకటి కొట్టుకుని గాట్లు పడుతుంది.

చిక్కేమిటంటే, మెరుగుపెట్టిన కొత్త అచ్చు కింద మొదట పడిన చలామణీ డాలర్లూ అద్దంలాగే మెరుస్తాయి. నిరుడు మా సంఘంలోని హేజెల్ స్ట్రాట్, వాళ్లమ్మ తనకిచ్చిన అలాంటి డాలరునే ప్రూఫనుకుని మురిసిపోతూ తెచ్చింది. పేపరు మీద నిలబెడితే, డాలర్లో కనబడే ఆ పేపరు అక్షరాలు చదువుకోవచ్చు.

"మెరుపు చూసి మోసపోకు హేజెల్. అంచు మొద్దుబారి గుండ్రంగా ఉంది. ప్రూఫుకి కత్తితో కోసినట్టు పదునుగా ఉంటుంది," అన్నాడు వెర్నన్. ఆమె తెచ్చిన ఆపిల్ పై రెండో ముక్క తింటూ మరీ అన్నాడు. అప్పట్నుంచి ఆమె, ఆ మంగలికి కళ్లు పోయాయని, పైగా అసూయని ఊరంతా చెప్పుకుని మనసు కుదుటపరుచుకుంది.

వెర్నన్ దగ్గరా వాళ్ల తాత డాలరొకటుంది. అసలైన ప్రూఫని ముప్పై ఏళ్లుగా గొప్పలే తప్ప, బ్యాంకు లాకరు దాటి రాలేదు. మొన్న ఏప్రిల్లో హేజెల్ పట్టుబట్టింది: తెచ్చి చూపించాలి, లేదా తీర్పులు చెప్పడం మానుకోవాలి.

తెచ్చాడు. ఆమె కొత్త దీపం కొనుక్కుని మరీ వచ్చింది. వెర్నన్ భూతద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. కాఫీలు చల్లారాయి. ప్రూఫేనని అనేసి జేబులో వేసుకుంటే అడ్డుకునే దమ్ము మాలో ఎవరికీ లేదు. చివరికి సంఘం పద్దు రాసే నావైపు తిరిగాడు.

"రాసుకో. బొమ్మ చెవి మీది జుట్టు సరిగా అచ్చు పడలేదు. అంచు గుండ్రం. చెంప మీద సంచి గాటు. చలామణీది."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. అందరం హేజెల్ వైపు చూశాం, ఏడాదిగా నూరుకున్న కత్తి ఇప్పుడు దూస్తుందని. ఆమె కుర్చీలో కూలబడింది.

"అయితే నువ్వు అబద్ధం చెప్పవన్నమాట," అంది నీరసంగా. "మా అమ్మదీ మామూలుదే."