విల్లు అందని చెయ్యి

నాకు కుదురు లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అన్నం ముందు కూర్చున్నా సగం మనసు వీధిలోనే ఉంటుంది. అలాంటివాణ్ణి దేవుడు ఇరవై ఆరేళ్ళ వయసులో చాప మీద బోర్లా పడేశాడు. అదీ పెళ్ళిళ్ళ రోజుల్లో!

మాది వాకాడులో దూదేకే ఇల్లు. అరవైల మొదట్లో మావైపు పెళ్ళి పరుపులన్నీ చేత్తో ఏకిన దూదితోనే కుట్టేవాళ్ళు. దూది ఏకడానికి మనిషంత విల్లు, దాని నారిని దూదిలో అదిరేట్టు కొట్టడానికి ఒక కొయ్య గూటం. పని లేనప్పుడు విల్లును దూలానికి తగిలించేవాళ్ళం. నాన్న పోయాక అది నా చేతికొచ్చింది. ఒకరోజు పొద్దున దాన్ని దించబోతే కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదే! ఈ చెయ్యి పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? నాకు వేరే పని చేతకాదు.

తెలిసినవాడొకడు వేడి నూనె పోసి పిడికిళ్ళతో గుద్దాడు. ప్రాణం పోయినంత పనయింది. మర్నాటికి మెడ తిరగడం కూడా మానేసింది.

"పరుపు దులిపినట్టు దులిపించుకుంటివి కదరా. రా, పడుకో" అంది అమ్మ.

అమ్మ నూనె జోలికి పోలేదు. రెక్క ఎముక పక్కన బొటనవేలు ఆనించి, మెల్లగా లోపలికి దించి, అక్కడే ఆపేసింది. రుద్దదు, నలపదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏందిమ్మా, నిద్రపోయినావా? ఒత్తు!"

"కదలబాక. పాత పరుపులో అట్టగట్టిన దూదిని లాగితే తెగిపోద్ది. వేళ్ళు పెట్టి ఓపిక పడితే అదే విడిపోద్ది. నీ చర్మం కింద కూడా అట్నే పట్టేసి ఉండాది."

ఎన్నిసార్లు విసుక్కొని లేచానో! ప్రతిసారీ ఎడమ జబ్బ పట్టుకొని మళ్ళీ పడుకోబెట్టింది. చాలాసేపటికి ఆ వేలి కింద ఏదో మెత్తబడి, చర్మం పక్కకు జారినట్టయింది. వెచ్చదనం మోచేతి దాకా పాకింది. ఊపిరి ఎన్నాళ్ళకో నిండుగా అందింది. ఆ మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయానట.

రోజూ ఇదే. చెయ్యి మొదట చెవి దాకా వచ్చింది, తర్వాత నా టోపీ నేనే పెట్టుకోగలిగాను. ఇక నేనాగుతానా? పదో రోజున అమ్మ నీళ్ళకు పోగానే ఎగిరి విల్లును పట్టుకున్నాను. భుజంలో చురుక్కుమంది. చెయ్యి మళ్ళీ మొదటికొచ్చింది. అమ్మ చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బిందె దించి, "పడుకో" అంది.

ఇంకో నెల పట్టింది. ఈసారి చెయ్యి తిన్నగా లేచి విల్లును దించింది. గూటంతో నారిని ఒక్కటి కొట్టాను. ఆ మోత వినగానే ఏడుపొచ్చేసింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? అమ్మ నవ్వుతూ నారి కిందికి దూది ఎగదోయడానికి ఎదురుగా కూర్చుంది. ఎడమచేత్తో తోస్తోంది. ఆమెది ఎడమచేతి వాటం కాదు.

"కుడిచేతికేమైంది?"

"బొటనేలు మడతపడటంలా."

"ఎప్పటినించి?"

"నువ్వు విల్లు కోసరం ఎగిరినావే, ఆ తర్వాత నించి. మళ్ళా మొదట్నించీ ఒత్తాల్సి వచ్చె గదా. సరేలే, నువ్వు కొట్టు, పెళ్ళోళ్ళు పరుపులకి వచ్చేస్తారు."

నేను కొట్టలేదు. గూటం పక్కన పెట్టి ఆమె చేతిని ఒళ్ళోకి తీసుకున్నాను.

"ఆత్రంగా నలపబాకరా, పీకేస్తావు" అంది.

నలపలేదు. ఆ బిగిసిన వేలి మొదట్లో నా వేలు ఆనించి, అలాగే ఉంచాను. పెళ్ళివాళ్ళు వాకిట్లోకి వచ్చి రెండుసార్లు పిలిచారు. నేను లేవలేదు.